మూడో సంతకం

తనంతట తానే ఐపీ పెడితే వేరు.
ఇంకొకరి మెడలో దివాలా వెయ్యడానికి
ఇద్దరు చాలరట.
మిల్వాకీ ఉప్పు కంపెనీ ఉంది,
గ్రీన్ బే అట్టపెట్టెల వాళ్లున్నారు,
చట్టానికి ముచ్చటగా ముగ్గురు కావాలి.
"నీది చిన్న బాకీయే, తెలుసు" అన్నాడు లాయరు
నా ఐసు గది గుమ్మంలో
బూట్ల మంచు దులుపుకుంటూ.
ఆ గదిలో వెచ్చగా ఉన్నది
అతనిచ్చిన కలం ఒక్కటే.

ఐవర్ స్కోగ్లండ్ చేపలకు పొగబెట్టి అమ్ముతాడు.
సరస్సులో తెల్లచేప తగ్గిన ఏటినుంచీ
నా దగ్గర అరువే.
పొద్దున్నే వస్తాడు, టబ్బు దించుతాడు,
"రాసుకో మార్లిస్" అంటాడు.
రాసుకున్నాను. పద్దెనిమిది నెలలు.
కంప్రెసర్ కాలిపోయిన రోజు
ఆ పుస్తకం తీసి కూడాను.
కూడిక ఎవరి మొహమూ చూడదు.

సమన్లు మామూలు టపాలోనే వెళ్తాయట.
బంట్రోతు గుమ్మంలో నిలబడి
చదివి వినిపిస్తాడనుకున్నాను.
అదేం లేదు.
కరెంటు బిల్లుకీ విత్తనాల కేటలాగుకీ మధ్య
ఒక కవరు, కోర్టు ముద్ర, కేసు నంబరు.
ఇరవై ఒక్క రోజుల్లో జవాబియ్యి,
ఇవ్వకపోతే ఉత్తర్వు దానంతటదే పడుతుంది.
ఆ ఉత్తర్వు పేరేమిటని అడిగాను.
"ఊరట ఉత్తర్వు" అన్నాడు లాయరు, నవ్వకుండా.
ఎవరికి ఊరటో అడగలేదు.

తొమ్మిది రోజులు అతను రాలేదు.
లెక్కపెట్టలేదని అబద్ధం చెప్పను.
అతని పొగగొట్టం నా కిటికీలోంచి కనబడుతుంది.
మేపుల్ పొగ లేస్తే, పోనీలే అనుకునేదాన్ని.
లేవని రోజు రొట్టె గొంతు దిగేది కాదు.

పదో రోజు టబ్బుతో వచ్చాడు.
అర్జీ కాగితం చొక్కా జేబులో,
సరిగ్గా నా పేరు మీదుగా మడత.
తిడతాడని వీపు బిగించుకున్నాను.
కళ్లజోడు నుదుటికెత్తి
నా పేరు పక్క అంకెను గోటితో తట్టాడు.
"తప్పు రాయించావు మార్లిస్.
మార్చిలో ఎవరిదో పెళ్లి ఆర్డరుకి
రెండు టబ్బులు పట్టుకెళ్లాను.
నువ్వు ఆస్పత్రిలో ఉన్నావు,
మీ కుర్రాడు రాయలేదు.
నలభై ఆరు డాలర్లు కలుపు."

పారతో టబ్బు నిండా పోశాను,
అంచు దాటి కింద పడేదాకా పోశాను.
ఈసారి రాసుకోమనలేదు.
ఇరవై మూడు డాలర్లు, కొంత చిల్లర,
తడి బల్ల మీద పెట్టి వెళ్లాడు.

నోట్లు చెక్కకి అంటుకుపోయాయి.
సాయంత్రం దాకా తియ్యలేదు.
ఇంకా పదకొండు రోజులు.