కోత లేదు, కుట్టు లేదు

తెల్లారగట్ల నాలుగింటికి బస్సు హారన్ కొట్టింది.
పన్నెండు మంచాల రూంల
పదకొండు మందిమి లేచినం.
రాజలింగం లేవలే.
వెల్డింగు పట్టే కుడిచెయ్యి
మంచం పట్టె మీదికెల్లి జారి
వేరే ఎవలదో అన్నట్టు వేలాడుతుంది.
నోరు ఒక పక్కకు గుంజింది.
"చెప్పు" అన్నడు ముద్దముద్దగ.
చెప్పు తొడగుమన్నడో, ఇంటికి చెప్పుమన్నడో
ఎవలికీ సమజ్ కాలే.

సోహార్ పెద్ద దవాఖాన దాకా
నా ఒళ్లె తలకాయ వెట్టుకొని వచ్చిండు.
పక్షవాతం అన్నరు.

పొద్దుమీకి రూంల పంచాయితి.
చిట్టీ పాడే దినం గూడ గంత మంది జమ గాలే.
"మొగోడు ఆపరేషన్ జేసుకుంటె గిట్లనే ఐతది"
ఉల్లిగడ్డ కోసుకుంట కొమురయ్య అన్నడు.
"బయటికి పోయేది పోకపాయె,
ఇరవై ఏండ్లు లోపట్నే ఆగి ఆగి
ఆఖరికి నెత్తికెక్కింది."
ఒకలిద్దరు నవ్విండ్రు. ఎవలూ కాదనలే.
పప్పుల పోపు మాడింది.
గంటె నా చేతిలనే ఉంది.

సిరిసిల్ల క్యాంపుల ఒకటే బెంచీ మీద
పక్కపక్కకు కూసున్నం మేమిద్దరం.
కోత లేదు, కుట్టు లేదని మైకుల మొత్తుకున్నరు.
పావుగంట పని. బయటికొచ్చి చాయ్ తాగినం.
సైకిల్ తొక్కద్దన్నరని
పది కిలోమీటర్లు నడిపించుకుంటనే పోయినం.
మూడు కాన్పులకు మూడు మాట్ల
దేవవ్వ కడుపు కోసిండ్రు.
"నాలుగో కోత నీకెందుకు, నేను పోత" అన్నడట.
ఆ ముచ్చట ఎన్నడూ గొప్పగ చెప్పుకోలే.
వాడకట్టు నవ్వితే తల దించుకొని పోయేటోడు.
నేనైతే ఎవలికీ చెప్పనే లేదు.

ఆ రాత్రి బాత్రూం గొళ్లెం వెట్టుకొని
అద్దంల నోరు తెరిచి చూసుకున్న.
రెండు చేతులూ లేపి చూసుకున్న.
సమానమే ఉన్నయి.
మళ్ల లేపిన.

"మా దోస్తుది ఒక అనుమానం" అని మొదలువెట్టి
వచ్చీరాని హిందీల అడిగిన.
మలయాళం నర్సు షైజ నవ్వలే,
అరబ్బీల డాక్టరుకు చెప్పింది.
ఆయనా నవ్వలే.
ఆ నరానికీ మెదడు నరానికీ పొత్తే లేదన్నడు.
ఏండ్లకేండ్లు వేలమందిని చూసిండ్రట,
చేసుకున్నోళ్లకు ఎక్కువేం రాలేదట.
"బీపీ ఎంతుండెనో తెలుసా?" అని
నన్నే ఎదురు అడిగిండు.

రాజలింగం పెట్టె తీసిన, పాస్‌పోర్టు జిరాక్సు కోసం.
బట్టల కింద బీపీ గోలీలు,
దేవవ్వ సెలవుకచ్చిపోయినోళ్లతోని పంపినయి.
మూడు నెల్లయి. వెండి కాయితం ఒక్కటి పగల్లే.
బీపీ ఉన్నదని తెలిస్తే
ఎత్తుల మీద పని తీసేస్తరు,
ఓవర్‌టైం పోతది.
పక్కనే తొక్కు సీసా. అది మాత్రం
అడుగుదాకా నాకినట్టున్నది.

దేవవ్వ ఫోన్ చేసింది.
"ఆపరేషనే మింగిందంటున్నరే అన్నా.
నేనే చేసుకుంటె ఐపోవు."
"తూ, దాంది గాదు చెల్లె" అన్న.
"డాక్టరే చెప్పిండు, దానికీ దీనికీ పొత్తు లేదు."
ఆమె మెల్లగ ముక్కు చీదుకుంది.
పాణం జర నిమ్మలపడ్డట్టున్నది.
"మరి దేనిది?"

గోలీలు నా కీసల ఉన్నయి.
వేలుతోని నొక్కితే చిటుక్కుమంటయి.
"ఎండ" అన్న.
"ఇక్కడ ఎండ మామూలుది గాదు చెల్లె."
ఎండ ఎవలతోనీ కొట్లాటకు రాదు.

రూంకచ్చినంక కొమురయ్య మళ్ల షురూ చేసిండు.
"నాదీ అయింది" అన్న.
చపాతీ పిండి పిసికే చెయ్యి ఆగింది.
"వాని రోజే, వాని పక్కనే."
ఫ్యాను చప్పుడు తప్ప ఏం లేదు.
గోలీల అట్ట తీసి అందరి నడుమ వెట్టిన.
చూసిండ్రు. ముట్టలే.

లైటు ఆర్పినంక శానా సేపటికి
పై మంచం మీదికెల్లి కొమురయ్య
గుసగుసగ అడిగిండు:
"బీపీ మిషిన్ ఏడుంటదిరా?
కంపెనీకి తెల్వకుంట చూపిచ్చుకునుడు ఉంటదా?"