ఆటోనగర్‌లో ఒక గీత

ముప్పై రూపాయల పియజో బిళ్ల,
గవర్నర్‌పేటలో కాగితం పొట్లం కట్టిచ్చారు.
చచ్చిన చార్జరు నుంచి కోసుకున్న తీగ.
బోర్డు ఒక్కటే కొత్తది.
దాన్ని సున్నుండల డబ్బాలో కూర్చోబెట్టి
మూతకి మేకుతో కన్నం కొట్టాను.

మూడు హార్స్‌పవర్ మోటారు వీపు మీద
బిళ్లని ఫెవిక్విక్‌తో అతికిస్తుంటే
జక్కరయ్య మేస్త్రీ బీడీ తియ్యకుండానే అడిగాడు:
"పట్టీ వేస్తున్నావా? ఏం జొరం దానికి?"

నలభై ఏళ్లుగా స్క్రూడ్రైవరే ఆయన స్టెతస్కోపు.
మొన మోటారుకి, పిడి చెవికి.
కళ్లు మూసుకుని వెనక బేరింగు అంటే
వెనక బేరింగే.
ఈమధ్య పిడి ఎడమ చెవి నుంచి కుడి చెవికి మారింది.
ఆ సంగతి షెడ్డులో ఎవరూ ఎత్తరు.

ల్యాప్‌టాప్‌లో పేజీ తెరిచాను. నేను రాసిందే,
ఒక బొత్తాం, ఒక నల్ల పలక.
నొక్కితే బ్రౌజరు అడిగింది
ఈ పోర్టుతో మాట్లాడమంటావా అని,
గడప బయటే చెప్పులు విప్పి నిలబడ్డ చుట్టంలా.
రమ్మన్నాను.

వచ్చాయి
డబ్బాలు, ప్రశ్నార్థకాలు,
వానలో తడిసిన చిట్టా పుస్తకంలాంటి చెత్త.
తీగలు మార్చాను. తిట్టుకున్నాను.
నాగూరు తెచ్చిన టీ మీద మీగడ కట్టింది, ఈ బెజవాడ ఎండలో కూడా.
మేస్త్రీ చూసి చూసి,
"అది గబగబా చెబుతోందేమో,
నువ్వు నిదానంగా వింటున్నావేమో.
మా ఆవిడా నేనూ అంతే" అన్నాడు.

బోర్డులో వేగం లక్షా పదిహేను వేల రెండొందలు.
నా పేజీలో తొమ్మిది వేల ఆరొందలు.
ఒక్క అంకె దిద్దాను.

గీత లేచింది.
ఆకుపచ్చగా, ఒత్తుగా,
చుట్టుకొకసారి చిన్న పన్ను మొలుస్తూ.
"అదిగో, ఆ టిక్కు!"
మేస్త్రీ వేలు తెర మీద నూనె మరక పెట్టింది.
"దాన్ని నేను రెండేళ్లుగా..."
అని ఆగి, బీడీ వెతుక్కున్నాడు.

అంతలో కరెంటు పోయింది.
మోటారు మూలిగి ఆగింది. పక్క షెడ్డు గ్రైండరు,
ఎదురు షెడ్డు లేతు, వీధి వీధంతా.
బ్యాటరీ మీద ల్యాప్‌టాప్ మేలుకునే ఉంది.
గీత మాత్రం పడుకోలేదు.
సన్నగా వణుకుతోంది.

మోటారు వీపు మీద ఆయన చెయ్యి.
తీశాడు. గీత చాపలా పరుచుకుంది.
పెట్టాడు.
వణికింది.
నావైపు చూశాడు.

"ఫ్యాను గాలికి, మేస్త్రీ" అన్నాను.

పైన ఫ్యాను రెక్కలు మూడూ
దుమ్ముతో సహా లెక్కపెట్టేలా ఉన్నాయి.