గుత్తపని

దేవరకొండ దాటి చందంపేట తొవ్వల
మూతబడ్డ కంకర క్వారీ పక్కన
పదహారేండ్ల కింది రాళ్లకుప్ప మీద
ఒక వెంపలి మొలిచింది.

ఆ జాగ మట్టిని పరీక్షకు ఎవరూ పంపలేదు.
ఆదివారం నేనే పోయి
వేరుతో సహా తవ్వి
రుమాల్ల కట్టుకొచ్చిన.

సోమవారం నల్లగొండ ల్యాబుల
కరెంటు ఉన్నంతసేపు
వేరు కొసను అద్దం కింద పెట్టి చూసిన.
వెంట్రుకల పదో వంతు ఉంటది కావచ్చు,
తెల్లటి దారం ఒకటి
కాకిబంగారం రేకును చుట్టుకొని ఉన్నది.

పుస్తకంల దాని పేరు శిలీంధ్రం.
పేరు మొదట్లనే ఒక శిలను పెట్టుకున్నది
సద్దిమూట లెక్క.
మా అవ్వ బూజు అనేది,
చీపురుకట్టతోని దులిపేది.

దానికి పండ్లు లేవు. సమ్మెట లేదు.
పులుపు ఉమ్ముతది.
చుక్కకూర తింటే నాలుక జివ్వుమంటదే,
అదే పులుపు.
ఉమ్మి, ఆగుతది.
అంటుకున్న పేజీల నడుమ గోరు దూర్చినట్టు
రేకుకూ రేకుకూ నడుమ కొస దూర్చి
ఉబ్బుతది.
ముందుగాల పొటాషియం జారుకుంటది,
గోడ దిగిన దొంగ లెక్క.
తర్వాత ఇనుము.
ఎన్ని యుగాలనుంచో చీకట్ల నల్లగ కూసున్న ఇనుము
గాలి తగలంగనే ఎర్రబడుతది.
మన చెల్కల ఎరుపు
ఇట్ల బయటపడ్డోళ్ల సిగ్గే కావచ్చు.

అన్నీ మంచివే బయటికి రావు.
అదే రాయి ఒడిల దాచిన ఫ్లోరైడు గూడ
మెల్లగ నీళ్లల్ల కలుస్తది.
మర్రిగూడ దిక్కు మా మేనత్త మోకాళ్లు
కొడవలి లెక్క వంగినయి.
ఏది జొన్నకు పోవాల్నో
ఏది బొక్కలకు పోవద్దో
దారానికి తెల్వదు.
దాన్ని మొక్కనూ లేను, తిట్టనూ లేను.

మట్టి కార్డుల పన్నెండు గడులు.
ఇనుము ఎంత, జింకు ఎంత, భాస్వరం ఎంత.
ఎవరు తీసిన్రో రాసేందుకు గడి లేదు.

రాత్రి ఇంటికొచ్చి మా నాయినకు చెప్పిన.
పల్లపు ఎల్లమంద, ముప్పై ఏండ్లు
ఆ క్వారీలనే రాయి కొట్టినోడు.
మంచంల గోడకు ఆనుకొని విన్నడు.
"ఉలి లేదా?"
"లేదు."
"మందుగుండు?"
"లేదే నాయినా."
"మరెట్ల?"
"తడిపి, ఆగి, ఉబ్బి."

చానాసేపు సప్పుడు లేదు.
తర్వాత నవ్విండు.
మిషిన్లు రాకముందు వాళ్లు
రాతి మీద వరుసగ తొర్రలు తొలిచి
ఎండు కట్టె మేకులు దిగగొట్టి
పొద్దుగూకంగ నీళ్లు పోసి
ఇంటికి పోయేటోళ్లంట.
తెల్లారి వచ్చేసరికి
రాయి తనంతట తానే రెండు.
"గట్లయితే అది మనోడే" అన్నడు,
చుట్టపోడి జాడ దొరికినట్టు.

"కూలెంత?"
"వేరు చక్కెర ఇస్తది."
"రోజుకూలా, గుత్తనా?"
వెంట్రుకమందం రాయికి ఎన్నేండ్లు పడతదో
మా ల్యాబుల లెక్క లేదు.
"గుత్తే" అన్న.
"గుత్తోనికి నిద్రెక్కడిది" అన్నడు.

అంతల దగ్గు వచ్చింది.
ఆ దగ్గు నాకు
అ ఆల కంటే ముందు తెలుసు.
ఊపిరితిత్తుల అడుగున పేరుకున్న
పలుగురాతి పొడి అది.
పొద్దున అద్దం కింద చూసిన గదా,
పలుగు తగిలిన కాడ దారం గూడ
కొరకకుండ
పక్కనుంచి మర్లిపోయింది.

తువ్వాలతోని మూతి తుడుచుకొని అడిగిండు:
"బిడ్డా, దానికి దగ్గొస్తదా?"

రాదని చెప్పిన.
రుమాల్ల మిగిలిన మట్టి
ఆయన అరచేతిల పోసిన.
బొటనవేలితోని రాసి రాసి చూసిండు,
ఏ రాయో, ఎంత గరుకో
చీకట్ల గూడ చెప్పే వేలు.
"మెత్తగనే చేసిండు" అన్నడు.