మడి అయ్యేదాంక

రేడియో రిపేరు దుకాణం ఎత్తేసిన్నాడు లతీఫ్ సాబ్
మిర్చి బస్తల ముప్పై నాలుగు క్యాసెట్లు తెచ్చి
మక్తల్ బస్టాండు ఎదురుంగ నా జిరాక్స్ సెంటర్ల దించిపోయిండు.
"కంప్యూటర్ల ఎక్కియ్ బేటా, ఫీతకు బూజు వడ్తున్నది."

సగం ఫీతలు పెన్సిల్ పెట్టి తిప్పిన.
ఒకటి పుటుక్కున తెగితె టేపు ముక్క అతికిచ్చిన.
దాని మీద ఉర్దూల రాసుంది, సాబే ఫోన్ల సదివి చెప్పిండు:
నాట్లు. సవారమ్మ గుంపు. ఎనభై మూడు.

ఎక్కిచ్చుడు అల్కనే.
కోసుడే మస్తు కష్టం.
గంటన్నర మోత ఒక్క ముద్దగున్నది,
పాటకొక ముక్క జెయ్యాలె.
మిషినుకు ఒక్కటే ఎరుక:
రెండు సెకండ్లు సప్పుడు లేకుంటె
పాట ఒడిసినట్టు.

బటన్ ఒత్తిన. ఆరే ముక్కలు.
చెవులకు గట్టిగ పెట్టుకొని ఇంటె
గొంతుల కింద గుయ్యిమని ఒక మోత, బాయి కాడి మోటరు.
అది నడిసినంతసేపు మిషిను లెక్కల సైలెన్సే లేదు,
అది ఆగిన కాడల్ల పాట తెగింది.
ఎనభై మూడుల ఆ పొద్దు
కరెంటు ఎన్నిసార్లు వోయిందో సక్కగ తెలిసింది గని
పాటలెన్నో తెల్వలె.

గీత జర పైకి జరిపిన. నూట నలభై ముక్కలు!
ఒకదాన్ల దగ్గు.
ఒకదాన్ల "ఓ లసుమమ్మా, నారు కట్ట ఇటెయ్యి".
ఒకదాన్ల మాట లేదు, పాట లేదు,
బురదలకెల్లి కాలు పీకిన సప్పుడు, బుళుక్కుమని.
దానికి మిషిను ట్రాక్ ఇరవై తొమ్మిదని పేరు వెట్టింది.

ఉశేనమ్మ వచ్చింది గప్పుడే.
ఆధార్ల డెబ్బై అయిదుల పుట్టినట్టు పడ్డదంట,
పింఛను రాదంటున్నరంట, దరఖాస్తు నింపమంటది.
స్పీకర్ల ఆడుతున్న గొంతు ఇని
కాయిదం బల్ల మీదనే ఇడిసింది.
"సవారక్క!"
ఎనుక ఒక పసిపోరి ఏడుపు.
"గట్టు మీద ఏడ్సేది నా పెద్దబిడ్డ."

ఆధార్ లెక్కన గప్పుడామెకు ఎనిమిదేండ్లు.
ఈ ఏడుపును ఏ కాలమ్‌ల నింపాలె?

"అవ్వా, పాట యాడ ఒడుస్తదో జెప్పు, ఆడ కోస్త."
"పాటకు కొస ఏడుంటది బిడ్డా, మడికుంటది.
వంగినప్పుడు ఎత్తుకుంటం,
అవతలి గట్టు ముట్టినంక నడుము లేపుతం.
అర్ధెకరమైతె అర్ధెకరం పాట."
"నడుము లేపింది టేపుల ఎట్ల ఇనొస్తది?"
"ఇనస్తలేదా? ఇగో..."

మళ్ల ఏపిచ్చిన. మళ్ల.
మూడోసారికి నాకు అందింది.
చేతులు కడుక్కునేముందు
గాజులు మోచేతికెల్లి మణికట్టుకు జారిన గలగల,
మోటరు మోత కింద, సన్నగ.
అప్పటిదాంక అది నాకు కిర్రుమనే చెత్త,
తుడిసేద్దామనుకున్నదే.

ఆమె ఏలు వెట్టి సూపిస్తుంటె కోసుకుంటవోయిన.
దుకాణంల జనం నిలవడ్డరు,
కుల సర్టిఫికెట్లోళ్లు, పాస్‌ఫొటోల పిల్లలు.
పదకొండు మడులు అయినయ్.

పన్నెండోదాన్ల సాబ్ డబ్బల సెల్లులు తగ్గినయ్ గావచ్చు,
గొంతులన్ని ఉరుకుడు వెట్టినయ్, సన్నవడ్డయ్.
అరవై ఏండ్ల సవారమ్మ పదేండ్ల పిల్ల లెక్క పాడుతున్నది,
ఎనుక అందరు పిల్లలే.
ఉశేనమ్మ పడిపడి నవ్వింది, కండ్లు తుడుసుకున్నది.
నవ్వుతుండంగనే టక్కుమన్నది. ఫీత ఒడిసింది.

ఉత్త బుస్సు.
ఆమె చెయ్యి గట్లనే ఎత్తి ఉన్నది.
"ఇంక నాలుగు సాళ్లున్నయి గదా" అన్నది,
నన్ను గాదు, స్పీకర్‌ను.

పన్నెండోదానికి పేరు వెట్టలె.
దరఖాస్తు నింపిన, పది రూపాయలు తీసుకున్న.
వోయేటప్పుడు మెట్టు కాడ వంగి
చెప్పుల బెల్టు ఏస్కుంటున్నది,
నోట్లె ఏదో కదులుతున్నది.
శానసేపయింది.
ఇంక నడుము లేపలె.