ఎడం

బల్లారట్‌లో జూన్ చలి.
బస్సు అద్దం మీద మంచు గీకి
డ్రైవర్ సీట్లో కూర్చుని
రెండు చెంచాల పెసరకట్టు,
ఇరవై నిమిషాలు.
"నమిలి మింగు" అంది డైటీషియన్ మోరాగ్.
కట్టుని కూడా నములుతున్నాను.

నీళ్లు అరగంట ఆగాక.
ఇనుము మాత్రా కాల్షియమూ
ఎడమొహం పెడమొహం,
రెండు గంటల ఎడం ఉండాలి.
షుగర్ బిళ్లలు
చెప్పాపెట్టకుండా సెలవు తీసుకున్నాయి.

మొన్న ఒక్క కాజా కొరికాను:
చెమట, దడ,
డిపో బల్ల మీద అరపూట.

దువ్వెన నిండా జుట్టు.
ఆకలి లేదు.
చెయ్యి మాత్రం రాత్రిళ్లు
గ్లాసున్నర బియ్యమే కడుగుతుంది,
కడిగాక గుర్తొస్తుంది.

సీటు బెల్టు జానెడు వదులు.
మొదటి స్టాపులో ఎక్కే మిసెస్ డోయల్
"కొత్త డ్రైవరా?" అంది.
అవునన్నాను.