ఎనిడ్ బ్లోర్ గీసిన కనుబొమ్మలు

గురువారం నేను వెళ్లేసరికి
వంటింటి కిటికీ పక్కన క్లిఫర్డ్ కూర్చుని ఉంటాడు,
సగం ముఖం ఇంట్లో,
సగం ఎక్కడో గడ్డకట్టి.
పక్షవాతం కాదన్నారు డాక్టర్లు,
నవంబరులో ఒక నరం వాచిందన్నారు, అంతే.
ఆ పెదవులకు మళ్లీ కదలడం నేర్పడం నా ఉద్యోగం.

"ముఖాలు చెయ్యండి" అంటాను.
వెక్కిరించమనడానికి వాళ్ల భాషలో అలాగే అనాలి.
పొయ్యి దగ్గర్నుంచి ఎనిడ్ అందుకుంటుంది:
"నేను చేశాను డక్, ముప్పై ఒక్కేళ్లు. వారానికి నాలుగు వందలు."
(ఈ ఊళ్లో అందరూ అందరికీ బాతులే.)

బర్స్‌లెం కార్ఖానాలో ఆమె పని
మట్టి మగ్గుల మీద మనుషుల ముఖాలకు రంగు వెయ్యడం.
మూడు మూలల టోపీ, తాగిన ముక్కు, దానిమ్మ బుగ్గలు.
ముఖాన్ని మగ్గు అనడం ఇలాంటి పాత్రల వల్లే వచ్చిందంటారు.
తేలిగ్గా మోసపోయేవాడూ మగ్గే,
ఎవరేం పోసినా పట్టుకుంటాడనేమో.
"కనుబొమ్మ వెంట్రుకవాసి పైకి జరిగిందా,
అమాయకుడు కాస్తా జమీందారై కూర్చుంటాడు" అంటుంది.
ఆమెకు తెలియదు, నేనూ చెప్పలేదు,
అహంకారికి ఇంగ్లీషులో ఉన్న ఒక పొడుగాటి మాట
లాటిన్ కనుబొమ్మలోంచే పుట్టిందని.
ఆ మూడు రోమాల కుంచెకు
ఎప్పుడో తెలుసు.

క్లిఫర్డ్ కూడా ముఖం మీదే బతికాడు.
గనిలో బొగ్గు తవ్వే గోడకు అక్కడ అదే పేరు.
అంత లోతున, ఒంటి దీపంతో
రోజంతా ఆ ముఖాన్ని చెక్కితే
అది రోజూ కాస్త వెనక్కి జరిగేది,
ఎప్పుడూ ఎదురుగానే,
ఒక్కసారీ ఇతన్ని గుర్తుపట్టకుండా.
గని మూసిన రోజు బ్యాండు వాయించారట.
సంగీతానికి ముఖం చూపించడమంటే
చేసిన తప్పుకు ఫలితం అనుభవించడం.
ఎందుకలా అంటారో
నిఘంటువులు తలో కథా చెబుతాయి.
"ఏం చేశామని?" అన్నాడట అతని తమ్ముడు
టోపీ చేత్తో పట్టుకుని, ట్రంపెట్ల ముందు.

టీ వస్తుంది.
ముఖం పోగొట్టుకోవడం అనే మాటా
ఈ ఆకులాగే, ఈ పింగాణీలాగే
చైనా రేవుల్లో ఓడెక్కి వచ్చింది.
కాపాడుకోవడం అనే రెండో ముక్కను
ఇంగ్లీషువాళ్లు తర్వాత అతికించుకున్నారు.
ఇక తమ సొంతమని మురిసిపోయే బిగించిన పై పెదవి
అమెరికా సరుకట.
క్లిఫర్డ్ పై పెదవి, ఎడమవైపు,
నాలుగు నెలలుగా బిగిసే ఉంది.
ధైర్యమనుకుని పక్కింటి మిసెస్ టామ్స్ మెచ్చుకుంది.

ఈ గురువారం అతను అద్దాన్ని బోర్లించాడు.
మొహమాటం అన్నదానికి వాళ్ల దగ్గర సరైన జోడు లేదు.
మాటలు నేర్పడానికి వచ్చినదాన్ని,
నాకే నోరు పెగల్లేదు.

ఎనిడ్ చేతులు తుడుచుకుంది.
చెంచాల సొరుగులోంచి ఆ కుంచె తీసి
టీ సాసర్లో నీళ్లు పోసి, ముంచి,
అతని ఎడమ కనుబొమ్మను
జారిన అంచు నుంచి పైకి గీసింది.
ఉత్త నీళ్లే.
"లేపు."
లేవలేదు.
మళ్లీ గీసింది. గ్లేజు ఆరేదాకా ఆగినట్టు ఆగింది.
"లేపు మరి."
కుడివైపుది మాత్రం చివ్వున లేచింది,
అచ్చం జమీందారే.

ముఖం అనే వాళ్ల మాట లాటిన్‌లో
చెయ్యడం అనే క్రియకు చుట్టమని కొందరు పండితులు,
కాదని ఇంకొందరు.
నేను ఏ పక్షమూ కాకుండా వెళ్లి కూర్చున్నాను ఇన్నాళ్లూ.

నీటిచుక్క చల్లగా కంట్లోకి జారింది కాబోలు,
క్లిఫర్డ్ ఒక మాట అన్నాడు.
ఎనిడ్ కుంచెతోనే అతని చెయ్యి మీద కొట్టింది.

నోట్‌బుక్కులో రాసుకున్నాను:
రెండు పెదవులూ కలిశాయి. "బ" స్పష్టంగా వినిపించింది.
పలికిన మాట: రాయదగ్గది కాదు.