వాకిళ్ళు మూడు

పర్లాకిమిడిలో మా ఇనుప సామాన్ల కొట్టు.
షట్టరు సగం దించి
లెక్కల కంప్యూటర్లో ఆట తెరిచాను.

పాతపట్నంలో తవుడిది టీవీకి తగిలించే పెట్టె,
మేనమామ వాడి వదిలేసింది.
బైకుంఠానిది ఫోను, అదీ పగిలిన అద్దం.
ఆట ఒకటే.

గది నంబరు పంపాను.
"ఏటి, తప్పంటంది" అన్నాడు తవుడు.
సున్నానా, ఓనా?
అప్పు పద్దు చదివినట్టు మళ్ళీ చదివేలోగా
దాని గడువు తీరిపోయింది.

ముందు ఖాతాలు కలుపుకోవాలట.
తవుడి మెయిలు వాళ్ళక్క తెరిచిచ్చింది,
పాస్‌వర్డు ఆవిడతోపాటే
అత్తారింటికెళ్ళిపోయింది.

బైకుంఠం తన పేరు ఒడియాలో రాసుకున్నాడు.
గొడుగు పట్టుకున్నట్టుండే ఆ గుండ్రటి అక్షరాలు
నా తెర మీద వరసగా ఖాళీ డబ్బాలు.
కొట్టులో మేకుల డబ్బాకైనా పేరుంటుంది,
వీణ్ణి ఏమని పిలవను?

బొట్టుపెట్టి పిలిచినా
గడప దొరకని పేరంటం.
తవుడు లేడంటుంది తెర;
ఫోనులో వాడు పకోడీ నములుతున్న చప్పుడు.
మధ్యన ఉన్నదల్లా మహేంద్రతనయ,
వేసంగిలో మోకాలు తడవదు.

పదకొండున్నరకి బైకుంఠం నిద్రపోయాడు.
నేనొక్కణ్ణే దిగాను.
ముక్కూమొహం తెలీని ముగ్గురు
క్షణంలో వచ్చి చేరారు.
గెలిచాం.
కుర్చీ వెనక్కి తిప్పాను, ఎవరికైనా చెబుదామని.

పొద్దున్న తొమ్మిదింటికి
మేకులు తూస్తుంటే కంప్యూటరు టింగుమంది:
'తవుడు మిమ్మల్ని ఆటకు పిలుస్తున్నాడు.'

కౌంటరుకి అవతల తవుడు,
తలుపు బందులు అటూ ఇటూ తిప్పి చూస్తూ,
"నేనిప్పుడు పిలవనేదురా" అన్నాడు.
"ఇంకో పది తగ్గించు."